టికెట్టు అడగరు... జేబు వదలరు!

'అటెన్‌ట్సియోనె... పిక్‌పాకెట్!'

2023లో సెల్‌ఫోన్ చేతిలో ఉన్నవాళ్లలో ఈ కేక వినని వాళ్లు తక్కువ. గొంతు చించుకుని అరిచింది వెనిస్‌కు చెందిన మోనికా పోలి అనే మహిళ. ఆ ఊరికి వచ్చే పర్యటకుల జేబులు కొట్టేవాళ్లు కనపడితే చాలు, వాళ్ల వెంటపడి, అందరికీ వినిపించేలా 'జేబుదొంగలున్నారు, జాగ్రత్త' అని అరవడం ఆమె ఏళ్ల తరబడి చేస్తున్న పని. ఆమెకు తోడుగా ఒక చిన్న పౌర బృందం కూడా ఉంది. ఆ వీడియోలు చూసి ప్రపంచమంతా నవ్వుకుంది. ఆ గొంతు మీద పాటలు కట్టారు, రీల్స్ చేశారు. ఆమె అరుపు విని ఉలిక్కిపడి సంచి తడుముకున్న పర్యటకుడి ముఖాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అలాంటి ముఖాల్లో మనవీ చాలానే ఉంటున్నాయి ఇప్పుడు.

ఒకప్పుడు ఐరోపా యాత్రంటే ప్యాకేజీ టూరే. పొద్దున్నే హోటల్ ముందుకు బస్సొస్తుంది, గైడు జెండా పట్టుకుని నడుస్తాడు, మధ్యాహ్నానికి అన్నం, పప్పు తయారు. టికెట్టు సంగతి, దారి సంగతి మనకక్కర్లేదు. ఇప్పుడలా కాదు. పిల్లలు జర్మనీలోనో ఇంగ్లండ్‌లోనో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లను చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు పనిలో పనిగా పారిస్, రోమ్ చుట్టొస్తున్నారు. కొత్త జంటలు తమ దారి తామే గీసుకుంటున్నాయి. 2024లో మనదేశం నుంచి షెంజెన్ వీసాలకు వెళ్లిన దరఖాస్తులు 11 లక్షల పైమాటే. వీసా చేతికొచ్చి, విమానం దిగాక మొదట ఎదురయ్యేది ఐఫిల్ టవరు కాదు. టికెట్టు మెషీను!

గేటు లేదని మురిసిపోతే...

ఆర్టీసీ బస్సులో అయితే కండక్టరే మన సీటు దగ్గరికొచ్చి టికెట్టు కొడతాడు. హైదరాబాద్ మెట్రోలో అయితే కార్డు చూపించందే గేటు తెరుచుకోదు. బెర్లిన్‌లోనో వియన్నాలోనో భూగర్భ రైలు స్టేషన్లోకి వెళ్లి చూడండి. గేటుండదు. కండక్టరుండడు. మెట్లు దిగితే ప్లాట్‌ఫాం, ప్లాట్‌ఫాం మీద రైలు. ఎక్కితే ఎవరూ ఆపరు. 'ఆహా, ఎంత నమ్మకం!' అనిపిస్తుంది. అనిపించిన మూడో రోజునో నాలుగో రోజునో, పక్కన జీన్స్ ప్యాంటుతో నిలబడి ఉన్న మామూలు మనిషి జేబులోంచి గుర్తింపు కార్డు తీసి, టికెట్టు చూపించమంటాడు.

జర్మనీలో టికెట్టు లేకుండా పట్టుబడితే 60 యూరోలు కట్టాలి. మన డబ్బుల్లో దాదాపు ఆరు వేల రూపాయలు. అక్కడ టికెట్టు లేని ప్రయాణాన్ని 'నల్ల ప్రయాణం' అంటారు. జరిమానాతో పోయే తప్పు కూడా కాదది. ఆ దేశ శిక్షాస్మృతిలోని 265ఎ సెక్షను కింద నేరం. పదే పదే దొరికితే కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు.

టికెట్టు కొనకుండా ఎక్కేవాళ్ల సంగతి సరే. మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది టికెట్టు కొని! ఎలాగంటే... బెర్లిన్‌లో మెషీన్లో డబ్బులేసి తీసుకున్న కాగితం టికెట్టు అప్పటికింకా ఉత్త కాగితమే. ప్లాట్‌ఫాం మీద చిన్న పెట్టె ఉంటుంది. అందులో టికెట్టు దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. అప్పటినుంచే దానికి ప్రాణం. ముద్ర లేకపోతే అదే టికెట్టును రేపు, ఎల్లుండి కూడా వాడుకుందామని దాచుకున్నట్టే లెక్క. 'మాకు తెలియదండీ, కొత్తగా వచ్చాం' అంటే తనిఖీ అధికారి తలూపి రసీదు పుస్తకం తీస్తాడు. రోజుకు వంద సార్లు వినే మాట మరి. కొన్ని ఊళ్లలో మెషీన్లోంచి వచ్చేటప్పుడే ముద్ర పడి వస్తుంది. అందుకే టికెట్టు చేతికి రాగానే దాని మీద తేదీ, సమయం ఉన్నాయా లేదా చూసుకోవాలి.

ఇటలీలోనూ ఇదే తంతు. అక్కడి ప్రాంతీయ రైళ్లకు, అంటే మన ప్యాసింజరు రైళ్లలాంటి వాటికి, కాగితం టికెట్టు కొంటే ఎక్కేముందు స్టేషన్లోని మెషీన్లో ముద్ర కొట్టించుకోవాలి. ఫోన్లో కొంటే ఆ రైలుకు 'చెక్ ఇన్' చేసుకోవాలి. రైలు నంబరు, సీటు నంబరు అచ్చేసి ఉండే హైస్పీడ్ రైళ్ల టికెట్లకు ఈ బాధ లేదు. ఫ్లారెన్స్ నుంచి పీసా వాలుగోపురం చూడ్డానికి ప్రాంతీయ రైల్లో బయల్దేరే కుటుంబంలో నలుగురూ ముద్ర మరిచిపోయారనుకోండి... నలుగురికీ జరిమానా. గోపురం చూడకముందే నాన్నగారి ముఖం ఒకవైపు వాలిపోతుంది.

ఇక జోన్ల గొడవ. బెర్లిన్ నగరం ఏ, బీ జోన్లలో ఉంటుంది. 2020లో తెరిచిన కొత్త విమానాశ్రయం సీ జోన్‌లో ఉంది. ఊళ్లో తిరగడానికి కొన్న 'ఏబీ' టికెట్టుతో విమానాశ్రయం రైలెక్కితే, టికెట్టున్నా లేనట్టే. పారిస్‌లో 2025లో మెట్రో టికెట్టు 2.50 యూరోలు ఉండేది. ఊళ్లో ఎంత దూరమైనా అంతే. కానీ అదే టికెట్టుతో చార్లెస్ డి గాల్ విమానాశ్రయానికి వెళ్లకూడదు. దానికి వేరే టికెట్టుంది. 2025లో అది 13 యూరోలు. ఊరెళ్లిపోయే రోజు, చేతిలో నాలుగు పెట్టెలు, బుర్రలో విమానం టైము... తప్పులు జరిగేది అప్పుడే. తనిఖీలు ఎక్కువగా ఉండేదీ ఆ దారుల్లోనే.

పారిస్‌లో గేట్లుంటాయి కదా, లోపలికొచ్చేశాక టికెట్టుతో పనేముందని పారేసేవాళ్లుంటారు. బయటికొచ్చేదాకా దాచుకోవాల్సిందే. సొరంగ మార్గం మలుపులో తనిఖీవాళ్లు వరసగా నిలబడి ఉంటారు.

వీటన్నింటికీ విరుగుడు లక్జెంబర్గ్. 2020 ఫిబ్రవరి 29 నుంచి ఆ చిన్న దేశంలో బస్సు, ట్రామ్, రైలు అన్నీ ఉచితం. పర్యటకులకూ ఉచితమే. రైల్లో ఫస్ట్‌క్లాస్‌కు మాత్రం డబ్బు కట్టాలి. దేశం మొత్తానికి ఇలా చేసింది ప్రపంచంలో మొదట వాళ్లే.

ఒక కార్డు... ఒక మనిషి

లండన్ బస్సులో డబ్బులు తీసుకోరు. 2014 జులై నుంచి నోట్లు, చిల్లర బంద్. ఆయిస్టర్ కార్డు గానీ, తాకిస్తే చాలనే బ్యాంకు కార్డు గానీ, ఫోను గానీ ఉండాలి. బస్సెక్కేటప్పుడు ఒక్కసారి తాకిస్తే సరి. భూగర్భ రైలుకు ఎక్కేటప్పుడూ, దిగి బయటికొచ్చేటప్పుడూ తాకించాలి. రెండోది మరిచిపోతే ఎంత దూరం వెళ్లారో దానికి తెలియదు కాబట్టి, అత్యధిక ఛార్జీ పట్టుకుంటుంది. నెదర్లాండ్స్‌లోనూ ఇదే పద్ధతి. అక్కడైతే ట్రామ్ దిగేటప్పుడు కూడా తాకించాలి. గేటేమీ అడ్డం ఉండదు కాబట్టి గుర్తు చేసేవాళ్లూ ఉండరు.

మనవాళ్లకు ఇక్కడ రెండు చిక్కులు. ఒకటి, ఇంటాయన కార్డుతోనే ఆయనా, ఆవిడా, అబ్బాయీ వరసగా తాకించి వెళ్లిపోదామనుకోవడం. కుదరదు. ఒక ప్రయాణికుడికి ఒక కార్డు. పొద్దున కార్డు తాకించి, సాయంత్రం అదే కార్డు ఎక్కించిన ఫోన్ తాకించినా మెషీను లెక్కలో ఇద్దరు వేర్వేరు మనుషులే. రోజుకు ఇంతకు మించి తీసుకోబోమన్న గరిష్ఠ పరిమితి లాభం అలా పోతుంది. రెండోది, మన బ్యాంకు కార్డు విదేశాల్లో పనిచేయాలంటే ముందే ఆ సౌకర్యాన్ని తెరిపించుకోవాలి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశం లోపల వాడకానికే వస్తున్నాయి. తాకించి చెల్లించే సదుపాయం కూడా విడిగా ఆన్ చేసుకోవాలి. ఇంటి దగ్గరే, బయల్దేరే ముందు చేయాల్సిన పని ఇది. హీత్రూలో దిగాక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి 'తొమ్మిది నొక్కండి' వింటూ నిలబడటం కన్నా నయం.

ఏటీఎంలో డబ్బు తీస్తున్నప్పుడు తెర మీద 'రూపాయల్లో తీసుకోమంటారా, యూరోల్లోనా' అని అడిగితే యూరోలే నొక్కాలి. రూపాయల్లో అంటే మారకపు రేటు ఆ మెషీనువాళ్లే నిర్ణయిస్తారు. అది మనకు అనుకూలంగా ఉండదని వేరే చెప్పక్కర్లేదు.

గార్ డి లియోఁ... లియోఁలో లేదు!

సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ... హైదరాబాద్ వాళ్లకు 'ఏ స్టేషన్లో?' అని అడగడం అలవాటే. పారిస్‌లో ఆ ప్రశ్న ఇంకా ముఖ్యం. అక్కడ పెద్ద స్టేషన్లే అరడజను. లండన్ రైలు గార్ దు నోర్ నుంచి బయల్దేరుతుంది. స్విట్జర్లాండ్, ఇటలీ వైపు వెళ్లేవి గార్ డి లియోఁ నుంచి. పేరులో లియోఁ ఉన్నా ఆ స్టేషన్ ఉన్నది పారిస్‌లోనే. వెనిస్‌లో రెండు. 'మెస్ట్రె' అంటే ఒడ్డున ఉన్న ఊరు. పడవలూ కాలువలూ కావాలంటే 'శాంతా లూచియా' దాకా వెళ్లాలి. ఫ్లారెన్స్‌ను బోర్డు మీద వెతికితే దొరకదు. అక్కడ రాసి ఉండేది 'ఫిరెంజె'. వియన్నా 'వీన్', ప్రాగ్ 'ప్రాహా'. మ్యూనిక్‌ను జర్మన్లు 'మ్యూన్‌షెన్' అంటే, ఇటలీ వాళ్లు 'మొనాకో' అంటారు. వెరోనా స్టేషన్లో 'మొనాకో' బోర్డు చూసి రాజుగారి మొనాకోకు రైలనుకుంటే కథ కంచికే!

రైలు కదులుతున్నా పరుగెత్తి ఎక్కేయడం మనకు చిన్నప్పటి విద్య. అక్కడ చెల్లదు. ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్ల తలుపులు బయల్దేరే సమయానికి రెండు నిమిషాల ముందే మూసుకుపోతాయి. ఇక తెరవరు. లండన్ వెళ్లే యూరోస్టార్‌కైతే విమానం తరహాలో ముందే వెళ్లాలి. బయల్దేరడానికి అరగంట ముందు గేట్లు మూస్తారు. బ్రిటన్ షెంజెన్‌లో లేదు. దానికి వేరే వీసా కావాలి. ఆ తనిఖీ పారిస్ స్టేషన్లోనే జరుగుతుంది. షెంజెన్ వీసా ఉంది కదాని లండన్ టికెట్టు కొనేసినవాళ్లు గార్ దు నోర్ నుంచే వెనుదిరగాలి.

కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనక పెట్టెలు మరో ఊరికి. స్విట్జర్లాండ్, జర్మనీల్లో ఇది మామూలే. పెట్టె పక్కనున్న బోర్డు మీద గమ్యం పేరు చూసి ఎక్కాలి. అమ్మ ఒక పెట్టెలో, సామాను ఒక పెట్టెలో అస్సలు వద్దు. అన్నట్టు, కూలీలుండరు. మెట్లున్నచోట ఇరవై మూడు కిలోల సూట్‌కేసు మనమే మోసుకోవాలి. పచ్చళ్ల బరువు అప్పుడు తెలుస్తుంది.

యూరైల్ పాస్ ఉంటే ఏ రైలైనా ఎక్కేయొచ్చన్నది సగం నిజం. ఆ పాస్‌తో 33 దేశాల్లో తిరగొచ్చు. పెద్దవాళ్ల పాస్ మీద 4 నుంచి 11 ఏళ్ల పిల్లలిద్దరు ఉచితం. కానీ ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ హైస్పీడ్ రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు వేరే డబ్బు కట్టాలి. సెలవుల్లో ఆ సీట్లు ముందే అయిపోతాయి. ఫోన్లోని పాస్‌లో ఆ రోజు ప్రయాణాన్ని నమోదు చేయకుండా ఎక్కినా టికెట్టు లేనట్టే.

ఇంకొక భ్రమ... అక్కడి రైళ్లు గడియారంలా నడుస్తాయన్నది. స్విట్జర్లాండ్ వరకూ దాదాపు నిజమే. జర్మనీలో? 2024లో దూరప్రాంత రైళ్లలో వేళకు చేరినవి వందకు సుమారు 62! అయిదు నిమిషాల దాకా ఆలస్యాన్ని వాళ్లు ఆలస్యంగా లెక్కించరు. అలా వదిలేసినా ఈ లెక్క. అందుకే జర్మనీలో రైలు మారాల్సి ఉంటే ఏడెనిమిది నిమిషాల వ్యవధి నమ్ముకోకూడదు. కాస్త ఊరట ఏమిటంటే, ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం రైలు గంట ఆలస్యమైతే టికెట్టు ధరలో పావు వంతు, రెండు గంటలు దాటితే సగం వెనక్కి అడగొచ్చు. వరదలు, తుపాన్ల వంటివి కారణమైతే ఇవ్వరు.

ఆలస్యం సరే, అసలు రైలే లేకపోతే? ఫ్రాన్స్‌లో 'గ్రెవ్', ఇటలీలో 'షొపెరో'... ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోవాలి. రెండిటి అర్థం సమ్మె. ఇటలీలో పనిరోజుల్లో సమ్మె జరిగినా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ రైళ్లు కొన్ని తప్పకుండా నడపాలన్న నియమం ఉంది. తేదీలు ముందే ప్రకటిస్తారు కాబట్టి హోటల్ రిసెప్షన్లో అడిగితే చెబుతారు.

చేతివాటం గాళ్లు

ఐరోపా నగరాల్లో కత్తి చూపించి దోచుకునేవాళ్లు అరుదు. పర్యటకుడికి ఎదురయ్యేది చేతివాటం. అదొక వృత్తి. దానికి వేళలున్నాయి, రూట్లున్నాయి. రోమ్‌లో టెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సు, లిస్బన్‌లో 28వ నంబరు పసుపు ట్రామ్, ప్రాగ్‌లో కోటకు వెళ్లే 22వ నంబరు ట్రామ్, పారిస్‌లో లూవ్రు మీదుగా పోయే ఒకటో నంబరు మెట్రో, బార్సిలోనా మెట్రో... గైడు పుస్తకాలన్నీ చెప్పే పేర్లే ఇవి. పర్యటకులు ఎక్కడెక్కుతారో దొంగలూ అక్కడే ఎక్కుతారు. అందులో రహస్యమేమీ లేదు.

దొంగంటే గళ్ల లుంగీ, మెడలో రుమాలు అనుకుంటే పొరపాటే. చేతిలో మ్యాపు, భుజాన మంచి బ్యాగు, పక్కన స్నేహితురాలు. పదహారేళ్ల అమ్మాయిలుంటారు, కోటు వేసుకున్న పెద్దమనుషులుంటారు. ముఖం చూసి పోల్చుకోవాలనుకునేవాడు పక్కన నిలబడ్డ అమాయకుణ్ని అనుమానిస్తాడు, అసలువాడికి దారిస్తాడు. చూడాల్సింది ముఖాన్ని కాదు, ఏం జరుగుతోందన్నదాన్ని.

ఉదాహరణకు, మెట్రో తలుపు. మనం ఎక్కబోతుంటే ముందున్న మనిషి హఠాత్తుగా ఆగిపోతాడు. ఏదో కింద పడేసుకున్నట్టు వంగుతాడు. వెనక నుంచి ఇద్దరు తోస్తారు. 'సారీ సారీ' అంటూ ముందువాడు తలుపు మూసుకునే క్షణంలో దిగిపోతాడు. వెనకవాళ్లూ దిగిపోతారు. తలుపు మూసుకుంటుంది, రైలు కదులుతుంది. మన పర్సు ప్లాట్‌ఫాం మీద ఉండిపోతుంది. ఎస్కలేటర్ మీద కూడా ఇదే నాటకం. పైనవాడు దిగేచోట ఆగుతాడు, కిందివాళ్లంతా ఒకరి మీద ఒకరు పడతారు.

తలుపు పక్క సీట్లో కూర్చుని వీడియో చూసుకుంటున్నవాళ్ల ఫోను కూడా తలుపు మూసుకునే ముందే ఎగిరిపోతుంది. లండన్‌లో ఫుట్‌పాత్ మీద నిలబడి దారి చూసుకుంటుంటే ఎలక్ట్రిక్ సైకిల్ మీద వచ్చి లాక్కుపోతారు. దారి చూసుకోవాలంటే ఏ దుకాణంలోకో అడుగు పెట్టడం మేలు.

సాయం చేసే దొంగలు వేరు. టికెట్టు మెషీను ముందు తికమకపడుతుంటే నవ్వుతూ వస్తారు. బటన్లు వాళ్లే నొక్కుతారు, 'మెషీను నోట్లు తీసుకోదు, నా కార్డుతో కొంటా, నాకు డబ్బివ్వండి' అంటారు. చేతికొచ్చేది పిల్లల టికెట్టో, వాడేసిన టికెట్టో. చెవిటి, మూగ పిల్లల కోసమంటూ అట్ట మీద సంతకం అడిగే అమ్మాయిలుంటారు. ఆ అట్ట కింద రెండో చెయ్యి మన సంచిలో ఉంటుంది. పారిస్‌లో మోంమార్త్ర్ గుట్ట మీది చర్చి మెట్ల దగ్గర వేలికి దారం చుట్టేవాళ్లుంటారు. చుట్టాక ఊడదు, డబ్బివ్వందే వదలరు. చేతులు జేబులో పెట్టుకుని, ఆగకుండా నడవడమే దీనికి మందు. పలకరిస్తే జవాబివ్వకపోవడం మనకు మర్యాద తక్కువ పనిగా అనిపిస్తుంది. అక్కడ అదే సరైన పని. కోటు మీద ఏదో పడిందని తుడవడానికి వచ్చేవాళ్లు, నేల మీద బంగారు ఉంగరం దొరికిందంటూ అమ్మజూపేవాళ్లు... వీళ్లంతా ఒకే బడి విద్యార్థులు.

'మేం పోలీసులం, దొంగనోట్లు తిరుగుతున్నాయి, మీ పర్సు చూపించండి' అని ఎవరైనా అడిగితే పర్సు తీయకూడదు. దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కు వెళ్దాం పదండి అనాలి. నిజమైన పోలీసులైతే అభ్యంతరం చెప్పరు. టికెట్టు జరిమానా వసూలు చేసేవాళ్లను కూడా గుర్తింపు కార్డు, రసీదు అడగొచ్చు.

పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, 2013 ఏప్రిల్లో లూవ్రు మ్యూజియం ఉద్యోగులు జేబుదొంగల బెడద తట్టుకోలేక విధులు మానేశారు. మోనాలిసా ఆ రోజు ఎవరికీ కనిపించలేదు. 2015 మేలో ఐఫిల్ టవర్ సిబ్బంది కూడా అదే కారణంతో సమ్మె చేశారు. (అదే లూవ్రులో 2025 అక్టోబరులో దొంగలు పట్టపగలు నిచ్చెన బండి వేసుకొచ్చి రాజవంశపు నగలే ఎత్తుకెళ్లారు. అది వేరే కథ.) దొంగలు దొరికినా వెంటనే బయటికి రావడానికి కారణాలున్నాయి. చాలామంది మైనర్లు. స్పెయిన్‌లో పోయిన సొత్తు 400 యూరోల లోపుంటే చిన్న నేరంగా చూసి, చాలావరకు జరిమానాతో వదిలేస్తారు. ఫిర్యాదు చేసిన పర్యటకుడు కోర్టు నాటికి విశాఖపట్నంలోనో వరంగల్‌లోనో ఉంటాడు.

ఒక చిత్రం... స్టేషన్లో 'జేబుదొంగలున్నారు జాగ్రత్త' అన్న ప్రకటన వినపడగానే, బోర్డు కనపడగానే ప్రతివాడి చెయ్యీ పర్సున్న జేబు మీదకు వెళ్తుంది. దొంగకు కావాల్సింది అదే. ఎక్కడ దాచారో మీరే చూపించేశారు!

నాన్నగారి సంచి

మన కుటుంబాల్లో ఒక పద్ధతుంది. ప్రయాణంలో ముఖ్యమైనవన్నీ ఒకరి దగ్గరే ఉండాలి. ఆ ఒకరు నాన్న. ఆయన నడుముకో భుజానికో ఒక సంచి. అందులో నలుగురి పాస్‌పోర్టులు, యూరోలు, క్రెడిట్ కార్డులు, తిరుగు టికెట్లు. తిరుపతి రైల్లో అది మంచి పద్ధతే. బార్సిలోనా మెట్రోలో ఆ ఒక్క సంచి పోతే నలుగురూ ఒకేసారి దేశం కాని దేశంలో కాగితం లేని మనుషులవుతారు.

డబ్బు పోతే తెప్పించుకోవచ్చు. పాస్‌పోర్టు పోతే యాత్రే పోతుంది. ఎందుకంటే వీసా అంటించి ఉన్నది అందులోనే. పోలీసు ఫిర్యాదు కాగితం పట్టుకుని భారత రాయబార కార్యాలయానికి వెళ్తే 'ఎమర్జెన్సీ సర్టిఫికెట్' ఇస్తారు. అది ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే పనికొచ్చే పత్రం. బార్సిలోనాలో మొదటిరోజు పోయిందనుకోండి, ఆ తర్వాత చూడాలనుకున్న పారిస్, లండన్ అన్నీ రద్దు. శుక్రవారం సాయంత్రం పోతే సోమవారం దాకా ఆఫీసు తెరవరు. ఆ రెండు రోజుల హోటల్ బిల్లు, మారిన విమానం టికెట్లు... నాలుగేళ్లు చీటీలు కట్టి దాచుకున్న డబ్బు ఒక మెట్రో తలుపు దగ్గర ఆవిరైపోతుంది.

అందుకే పంచాలి. ఎవరి పాస్‌పోర్టు వాళ్ల దగ్గర, చొక్కా లోపల వేసుకునే పల్చటి సంచిలో. రెండు కార్డుల్లో ఒకటి ఆవిడ దగ్గర. రోజు ఖర్చుకు సరిపడా డబ్బు మాత్రమే చేతికందే చోట. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ఫోన్లో, ఈమెయిల్లో, ఇంటి దగ్గరున్న ఒకరి దగ్గర. రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు సూట్‌కేసులో. రాయబార కార్యాలయంలో అడిగేవి అవే. బ్యాక్‌ప్యాక్ రద్దీ రైల్లో వీపున కాదు, పొట్ట మీదకు తిప్పుకోవాలి. వెనక జేబులో పర్సు సంగతి చెప్పక్కర్లేదు. హోటల్ భోజనాల గదిలో బ్యాగు కుర్చీకి తగిలించి వడ్డించుకోవడానికి వెళ్లడం కూడా అంతే. దూరపు రైళ్లలో సూట్‌కేసులు పెట్టె చివరి అరల్లో పెడతాం కదా, రైలు ఆగిన ప్రతిసారీ ఒకరు అటు చూస్తుండాలి.

ఇక బంగారం. ఐరోపాలో మన ఆడవాళ్ల మెడలో ఉండేది నిజం బంగారమేనని దొంగలందరికీ తెలుసు. మంగళసూత్రం తీయడానికి మనసొప్పకపోతే, అది కండువా కిందో జాకెట్టు లోపలో ఉండేలా చూసుకోవాలి. నాలుగు పేటల గొలుసు, గాజులు మాత్రం ఇంటి లాకర్లోనే ఉండనివ్వండి. టవర్ ముందు తీసుకునే ఫొటోకు అవి లేకపోయినా వచ్చే లోటేమీ లేదు.

రాత్రి రైళ్లలో వెళ్లేవాళ్లకు... ఆస్ట్రియా రైల్వే నడిపే నైట్‌జెట్ లాంటి వాటిలో గది లోపలి నుంచి గడియ పెట్టుకోవచ్చు. ఆడవాళ్లకు మాత్రమే అని విడిగా గదులు కూడా దొరుకుతాయి, బుక్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. రాత్రి పొద్దుపోయాక మెట్రో ఎక్కితే ఖాళీ పెట్టెలో కాకుండా నలుగురున్న పెట్టెలో, వీలైతే డ్రైవరున్న ముందు పెట్టెలో కూర్చోవడం మంచిది. స్టేషన్లో బ్యాగు వదిలేసి కాఫీకి వెళ్లొద్దు. దొంగ ఎత్తుకెళ్లడం ఒకెత్తు. ఎవరిదో తెలియని బ్యాగు కనిపిస్తే ఫ్రాన్స్‌లో స్టేషన్ మొత్తం ఖాళీ చేయించి బాంబు నిపుణుల్ని పిలుస్తారు.

పోయిందని తెలిసిన ఆ గంటలో...

ముందు కార్డులు ఆపించాలి. ఫోను కూడా పోతే బ్యాంకు నంబరు ఎలా? అందుకే ఆ నంబర్లు కాగితం మీద రాసి సూట్‌కేసులో పెట్టుకోవాలి. ఫోన్ ఐఎంఈఐ నంబరు కూడా. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే తెర మీద కనపడే పదిహేనంకెలే అది. తర్వాత పోలీసు స్టేషన్. పోయిన సొమ్ము దొరుకుతుందని కాదు. ఆ కాగితం లేనిదే రాయబార కార్యాలయంలో పనవదు, బీమా డబ్బు రాదు. షెంజెన్ వీసాకు 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి అందరి దగ్గరా పాలసీ ఉంటుంది. అందులో పాస్‌పోర్టు, సామాను పోతే ఏమిస్తారన్నది పాలసీని బట్టి మారుతుంది. కొనేముందే చదువుకోవాలి.

దెబ్బలు తగిలినా, ఎవరైనా బెదిరించినా 112. ఐరోపా సమాఖ్య దేశాలన్నింటిలో ఒకటే నంబరు, ఉచితం. బ్రిటన్‌లోనూ పనిచేస్తుంది. మన దగ్గర పోలీసుల్ని పిలిచే నంబరూ అదే కాబట్టి గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. లండన్ రైల్లో ఎవరైనా ఇబ్బంది పెడుతుంటే గట్టిగా మాట్లాడాల్సిన పని లేకుండా రైల్వే పోలీసులకు 61016 నంబరుకు ఎస్ఎంఎస్ పంపొచ్చు.

ఇంకో మాట. దొంగకు కావాల్సింది డబ్బు. పర్సు, కాగితాలు వాడికి బరువు. నోట్లు తీసుకుని మిగతావి దగ్గర్లోని చెత్తబుట్టలోనో మెట్ల కిందో పడేయడం వాళ్ల అలవాటు. కాబట్టి పోయిన చోట చుట్టుపక్కల బుట్టలు చూడాలి, స్టేషన్ వాళ్లకు చెప్పి రావాలి. పారిస్‌లో పోలీసు శాఖే దొరికిన వస్తువుల కార్యాలయాన్ని 1805 నుంచి నడుపుతోంది. గొడుగులు, తాళాలు, టోపీలు, ఫోన్ల మధ్య పాస్‌పోర్టులూ అక్కడికి చేరుతుంటాయి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టే ముందు అక్కడ ఒకసారి అడిగి చూడటం మరిచిపోకూడదు.